గాజు నాయనమ్మ కుడిచెయ్యి

"ఒరేయ్ మకరందూ, మెల్లగా పోనీరా! నేనేమన్నా ఉప్పుబస్తా అనుకున్నావా?"

రాకుమారుడు మకరందుడి రొమ్ముకు కట్టిన శాలువా మూటలోంచి అతని నాయనమ్మ, సువర్ణకూట రాజమాత పేరిందేవి కేకలు వేస్తోంది. మెల్లగా పోవడానికి వీలెక్కడిది? వెనక ఆకాశమంతా నల్లబడింది. మాంత్రికుడు ఖర్పరుడు మంత్రించి వదిలిన ఇనప రాబందులు రెక్కలు టపటపలాడిస్తూ, ఒకదాన్నొకటి రాసుకుని నిప్పురవ్వలు రాలుస్తూ తరుముకొస్తున్నాయి. ముందేమో అడుగు కనిపించని లోయ. లోయకు అవతలి గట్టు నూనె రాసినట్టు నల్లగా మెరుస్తోంది.

"నాయనమ్మా, గట్టిగా పట్టుకో!"

"దేంతో పట్టుకోనురా? ఒళ్ళంతా గాజేగా!"

మకరందుడు మడమలతో గుర్రం డొక్కలో పొడిచాడు. దుమారం అనే ఆ గుర్రం పేరుకు తగ్గట్టే లేచి, ఒక్క గెంతులో లోయ దాటింది. రాబందులూ దాటబోయాయి. అవతలి గట్టంతా సూదంటురాయి అని పాపం వాటికేం తెలుసు? ఒక్కొక్కటే వెళ్ళి ఠపీమని ఆ రాతికి అంటుకుపోయి, వంటింటి మేకులకు తగిలించిన మూకుళ్ళలా వేలాడాయి. మకరందుడు పకపకా నవ్వాడు. కానీ దుమారం కాళ్ళకున్న నాలాలు కూడా ఇనపవేనన్న సంగతి మన వీరుడికి తట్టలేదు. రాయి నాలాలను ఊడబెరికింది, గుర్రం తూలింది, రాకుమారుడు మూటను గుండెలకు అదుముకుని పల్టీలు కొడుతూ వెళ్ళి ఒక బండకు గుద్దుకున్నాడు.

మూటలోంచి "ఠింగ్" మని ఒక చప్పుడు వచ్చింది.

ఇక్కడ కథ మొదలు తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. నిండు సభలోకి వచ్చి సింహాసనం తనకిమ్మని అడిగిన ఖర్పరుడిని, పేరిందేవి మెట్లు దిగి వచ్చి కుడిచేత్తో చెంప ఛెళ్ళుమనిపించింది. వాడు ఊరుకుంటాడా? కపాలంలోని నీళ్ళు చల్లి ఆమెను మూరెడు గాజుబొమ్మను చేసేశాడు. అయితే ఆ మహాతల్లి నోరు అంత తేలిగ్గా గాజవుతుందా? ఒళ్ళంతా మారినా మాట మిగిలింది. ఆ మాట కూడా పూటపూటకీ సన్నబడుతోంది. అది ఆగిపోయే లోపు దక్షిణాన ఉన్న పొగలమడుగులో ముంచితే ఆమె మళ్ళీ మనిషవుతుంది. సలసలా మరిగే ఆ మడుగుకు ఒక మొండి గుణం ఉంది. తనలో వేసిన బొమ్మ ఎలా ఉంటే మనిషిని అలాగే తిరిగిస్తుంది. ముక్కు విరిగిన బొమ్మను వేస్తే ముక్కు లేని మనిషి లేస్తాడు.

మకరందుడు గబగబా మూట విప్పాడు. నీలపు గాజులో మెరుస్తూ నాయనమ్మ. ఆ నిలువెత్తు దర్పం, పైకెత్తిన గడ్డం అన్నీ ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం మోచేతికి పైన విరిగి, శాలువా మడతలో విడిగా పడి ఉంది.

"నొప్పేమీ లేదు గానీ, కుడివైపు ఏంట్రా ఇంత తేలిగ్గా ఉంది?" అంది పేరిందేవి.

మకరందుడు విరిగిన చేతిని ఆమె కళ్ళ ముందుకు ఎత్తి చూపాడు.

"పోనీలే, ఎడమది ఉందిగా" అంది పేరిందేవి. "ఏడవకు, ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

అతను ఏడుస్తూనే ఉన్నాడు. పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు ముద్దలు కలిపి పెట్టింది ఆ చెయ్యే. జ్వరమొస్తే నుదుటి మీద ఆనింది ఆ చెయ్యే. అల్లరి చేసినప్పుడు వీపు మీద పడిందీ ఆ చెయ్యేననుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు దాన్ని తన చేతులతోనే విరగ్గొట్టాడు.

"అతికిస్తాను నాయనమ్మా. నిన్ను ఇలా మడుగులో వెయ్యను."

దారి పక్కన తుమ్మచెట్టు కనిపించింది. బెరడు మీద తేనెరంగు జిగురు బొట్లు బొట్లుగా కట్టి ఉంది. రాకుమారుడు దాన్ని గీకి, తోలుతిత్తిలోని నీళ్ళతో మెదిపి, చెయ్యి అతికించి ఉఫ్ ఉఫ్ మని ఊదాడు. గాలికి బిగుసుకుంది. అతుకు ఉందో లేదో కూడా తెలియనంత నున్నగా కుదిరింది.

"భేష్! నీకు ఇంత పనితనం ఉందనుకోలేదురా" అని రాజమాత మురిసిపోయింది. మనవడు మీసం దువ్వుకున్నాడు. ఇద్దరూ ఆనందంగా బయలుదేరారు.

కొండ దిగేసరికి వాన మొదలైంది. అంతే. ఊరి ముందుకు వచ్చేసరికి జిగురు కరిగి, నాయనమ్మ చెయ్యి జారి మకరందుడి నడుంపట్టీలోకి చల్లగా దిగింది.

ఆ ఊరి పేరు స్ఫటికావతి. దాని అందం ఏమని చెప్పేది! కోటగోడలు పచ్చగాజు, బురుజులు కెంపుగాజు, మేడల పైకప్పులు మేఘం రంగు గాజు. వానచినుకులు పడుతుంటే ఒక్కో ఇల్లు ఒక్కో స్వరం పలుకుతోంది. వీధుల్లో ఆడవాళ్ళు తలల మీద గాజుబిందెలతో నడుస్తుంటే బిందెల్లోని నీళ్ళతోపాటు వాటిలో ఈదే ఎర్రచేపలు కూడా కనిపిస్తున్నాయి. గాజు పని తప్ప వేరే పని ఎరగని జనం. ఇక్కడ నాయనమ్మ చేతికి మందు దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుందని మకరందుడి ప్రాణం లేచొచ్చింది.

ద్వారం దగ్గర గుర్రం దిగుతుంటే నడుంపట్టీ సడలి, గాజుచెయ్యి నేలమీద పడింది. పెద్ద కాపలాదారు అక్కడే ఆగిపోయాడు. వంగి, ఆ చేతిని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. దాని అంచు నుంచి రాలిన ఆవగింజంత పెచ్చును కూడా వదలకుండా ఏరి కళ్ళకద్దుకున్నాడు. వెనక వస్తున్న బళ్ళు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో పగిలిన గాజును తొక్కడం గానీ దాటడం గానీ కన్నతల్లిని తన్నినంత పాపం.

"అయ్యో, కాలం చేసిందా! ఎంత పనివాడి బొమ్మో. దిగులుపడకు నాయనా, అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు కాపలాదారు తడి కళ్ళతో.

"కాలం చెయ్యలేదయ్యా! ఆవిడ మా నాయనమ్మ. చెయ్యి అతికించడానికి ఏదన్నా జిగురు ఉంటే చాలు."

జిగురు అన్న మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. స్ఫటికావతిలో పగిలినదాన్ని అతకరు. అతకడమంటే దాన్ని మళ్ళీ పుట్టనివ్వకుండా అడ్డుపడటం. పగిలిన గాజు మేళతాళాలతో మహాకొలిమికి వెళ్ళాలి, కరగాలి, కొత్తగా పుట్టాలి. అది వాళ్ళ ఆచారం.

"ఆవిడకు ప్రాణం ఉంది, బాబూ!" అని మకరందుడు మొత్తుకున్నాడు.

"ప్రతి గాజుకూ ప్రాణం ఉంటుంది నాయనా. అందుకేగా కొలిమికి పంపేది!" అని వాళ్ళు అతని వీపు నిమిరారు.

చూస్తుండగానే గాజుబొమ్మను చేతితో సహా పూలపళ్ళెంలో పెట్టారు. డప్పులు మోగాయి. పేరిందేవి ఎంత అరిచినా ఆ సన్నటి గొంతు డప్పుల్లో కలిసిపోయింది. మకరందుడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. కానీ ఎవరి మీద దూస్తాడు? ఒక ముసలమ్మ అతని కన్నీళ్ళు కొంగుతో తుడుస్తోంది. ఒకాయన దాహానికి మజ్జిగ తెచ్చాడు. ఇంత మంచివాళ్ళతో ఎలా పోట్లాడాలో ఏ గురువూ అతనికి నేర్పలేదు.

మహాకొలిమి ఏనుగు పట్టేంత నోరు తెరుచుకుని ఎర్రగా ఊపిరి తీస్తోంది. పళ్ళెం అందుకుని నిప్పులో ఒంపడం ఊరిపెద్ద కాచనాయకుడి కూతురి వంతు. ఆమె పేరు కురంగి. చమటకు నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు, మసి అంటిన బుగ్గ, ఆ మసి కింద ఎవరినైనా ఇట్టే నమ్మించగల పెద్ద కళ్ళు. ఆమె పళ్ళెం ఎత్తింది. ఆచారం ప్రకారం డప్పులు ఆగాయి.

అప్పుడు పళ్ళెంలోంచి దోమ పాడినంత సన్నగా ఒక మాట వినిపించింది.

"అమ్మాయ్, ఆ మంట దగ్గర కొంగు జాగ్రత్త తల్లీ."

కురంగి పళ్ళెంలోకి తొంగిచూసింది. చచ్చేముందు తన కొంగు గురించి కంగారుపడే బొమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె జనం వైపు వీపు తిప్పి, కొలిమి పక్కనున్న ఒక గాజుగడ్డను అందుకుని గభాలున నిప్పులో విసిరింది. బొమ్మా చెయ్యీ చీర మడతల్లోకి వెళ్ళిపోయాయి. జనం జేజేలు పలికి ఇళ్ళకు వెళ్ళారు. మకరందుడు అక్కడే మోకాళ్ళ మీద కూలబడిపోయాడు.

"లేవండి. ఏడిస్తే గట్టిగా ఏడవండి, లేకపోతే నా వెనకాల రండి. రెండూ చేస్తే ఎవరైనా చూస్తారు" అని కురంగి గుసగుసగా చెప్పి ముందుకు నడిచింది.

కొలిమి పక్కనే బొగ్గుల కొట్టు. బస్తాల వెనక మనిషి వంగి దూరేంత తలుపు. లోపల అడుగుపెట్టిన మకరందుడు నోరు తెరిచాడు. గోడల నిండా అరలు, అరల నిండా అతికిన గాజు. కాలు అతికిన గుర్రాలు, మెడ అతికిన కూజాలు, రెక్క అతికిన హంసలు, ఎన్ని ముక్కలైందో లెక్క తెలియని ఒక దీపం.

"చిన్నప్పుడు నా హంసను కొలిమిలో వేశారు. దాంతో కొత్త గిన్నె చేసిచ్చారు. నాకు గిన్నె అక్కర్లేదు, నా హంసే కావాలి అని ఏడ్చాను. ఎవరికీ అర్థం కాలేదు. అప్పటినుంచీ ఇలా దొంగచాటుగా..." అంది కురంగి తలవంచుకుని.

"దొంగతనమేమిటే తల్లీ, నువ్వు చేసేది బతికించడం" అంది పేరిందేవి. "ఒరేయ్ మకరందూ, ఈ పిల్లకు పెళ్ళయిందేమో కనుక్కో."

"నాయనమ్మా!"

"నీకు సిగ్గయితే నేనే అడుగుతాను."

కురంగి నవ్వు ఆపుకుని, బొమ్మ భుజాన్ని గోరువెచ్చటి నీళ్ళతో కడగడం మొదలుపెట్టింది. పాత జిగురు పొరంత మిగిలినా కొత్తది పట్టదట. కడుగుతూనే మకరందుడిని అడిగింది.

"ఇంతకీ అతికాక ఈవిడ ఎక్కడికి వెళ్తారు?"

"ముందు అతుకు సంగతి చూడు. ఎక్కడికి వెళ్తే నీకెందుకు?"

"అదే తెలియకపోతే దేంతో అతకను? ఈ కూజా చూడండి. తుమ్మజిగురుతో అతికాను. ఎంత చక్కగా ఉందో చూశారా? నీళ్ళు పోసిన రోజే విడిపోయింది. ఈ కంసలివాళ్ళ లక్క రాయిలా పట్టుకుంటుంది. కానీ ఈ గుర్రాన్ని కొలిమి పక్కన పెట్టాను, పాపం కాలు మెత్తబడి కూర్చుండిపోయింది. తోలు ఉడికించి చేసే వడ్రంగుల వజ్రం జిగురు వానాకాలం వచ్చేసరికి ఉబ్బి కంపు కొట్టింది."

"మరి ఇదో?" మకరందుడు ఒక హంసను అందుకున్నాడు. రెక్క ఎక్కడ విరిగిందో ఎంత వెతికినా కనిపించలేదు.

"అది తెల్ల గుగ్గిలం. కరిగించి, వడకట్టి పూశాను. గాజులో గాజులా కలిసిపోతుంది."

"ఇదే కావాలి! అసలు విరిగినట్టే తెలియకూడదు" అన్నాడు మకరందుడు ఆత్రంగా.

"ఎక్కడికి వెళ్తారో చెప్పలేదు మీరు."

"పొగలమడుగుకి."

కురంగి హంసను అతని చేతిలోంచి మెల్లగా తీసుకుని అరలో పెట్టేసింది. "మరిగే నీళ్ళా? గుగ్గిలం మూడు బుడగలు లేచేసరికి కరిగిపోతుంది. అక్కడ నిలబడేది ఒక్కటే." ఆమె కింది అరలోంచి పగుళ్ళున్న చెంబొకటి తీసింది. పగుళ్ళ పొడవునా తెల్లటి గీతలు, చూడటానికి అంత అందంగా లేదు. "గుడ్డు తెల్లసొన, పొడిసున్నం. రోజూ ఇందులోనే పాలు కాచుకుని తాగుతాను. ఎన్నిసార్లు కాచినా చెదరలేదు. కానీ ఈ మచ్చ ఎన్నటికీ పోదు. ఒకసారి బిగిస్తే మళ్ళీ విప్పలేం. కలిపిన వెంటనే పూయాలి, బిగిసేదాకా కదలకుండా పట్టుకోవాలి."

మకరందుడి ముఖం చిన్నబోయింది. తను చేసిన తప్పు నాయనమ్మ చేతి మీద జీవితమంతా తెల్లగా కనబడుతూ ఉంటుంది. సువర్ణకూటంలో ఆమె చేతుల అందం గురించి పాటలు కట్టారు.

"వేరే దారి లేదా కురంగీ? పైన గుగ్గిలం, లోపల సున్నం..."

"ఒరేయ్" అంది పేరిందేవి. గొంతు అప్పటికే గాజుగ్లాసు అంచును వేలితో రాసినట్టు ఉంది. "ఆ చేతికి బొటనవేలి కింద చూడు, ఏముందో."

మకరందుడు విరిగిన చేతిని దీపం దగ్గర పెట్టి చూశాడు. చిన్న చిన్న పంటి గాట్లు. గాజులో కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"నీకు పళ్ళు వచ్చిన కొత్తలో పప్పుముద్ద పెడుతుంటే కొరికావు. రక్తం వచ్చింది. రాజవైద్యుడు మచ్చ పోయే లేపనం తెచ్చాడు. నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అడగకు, అడిగితే నేను ఏడుస్తాను, గాజుకు ఏడుపు మంచిది కాదు. దాని పక్కన ఇంకో మచ్చ ఉంటే నాకేం బరువు? సున్నమే పూయండి."

మకరందుడు ఆ గాట్లను కళ్ళకద్దుకున్నాడు. కురంగి ముఖం పక్కకు తిప్పుకుని గబగబా గుడ్డు పగలగొట్టింది.

తెల్లసొనలో సున్నం కలిసి చిక్కబడింది. ఆమె కోడి ఈకతో విరిగిన అంచులకు పలచగా పూసింది. మకరందుడు చేతిని భుజానికి ఆనించి రెండు చేతులా నొక్కిపట్టి నేలమీద కూర్చున్నాడు.

"ఇక తుమ్మకూడదు, దగ్గకూడదు, కదలకూడదు" అంది కురంగి.

"వీడా! ఉయ్యాల్లో కూడా కుదురుగా పడుకోలేదే" అంది నాయనమ్మ.

కానీ కూర్చున్నాడండీ! ముక్కు మీద ఈగ వాలినా కదలలేదు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

"కురంగీ, తలుపు తియ్యమ్మా. నేనే, నాన్నను."

కురంగి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తియ్యకపోయినా తలుపు దానంతటదే తెరుచుకుంది. తెల్లగడ్డం, గాజుపూసల తలపాగా, కాచనాయకుడే. అతను అరల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చిరునవ్వు నవ్వాడు. "భయపడకు తల్లీ, నేనేమీ అనను. ఆ బొమ్మను నాకివ్వు, నేను భద్రంగా దాస్తాను" అంటూ ముందుకు అడుగు వేశాడు.

అతని చెప్పు కింద ఏదో పటుక్కుమంది. ఒక గాజుపెచ్చు. అతను కిందికి చూడనైనా చూడలేదు, దాన్ని తొక్కుకుంటూ ఇంకో అడుగు వేశాడు.

కురంగి తండ్రి చీకట్లో కూడా పెచ్చును పాదంతో గుర్తుపట్టి వంగే మనిషి. నిండా అరవై ఏళ్ళుగా వంగి వంగి నడుము పట్టేసినా ఆ అలవాటు మానలేదు.

"వీడు మా నాన్న కాదు!" అని ఆమె కేక పెట్టింది.

ముసుగు తీసినట్టు తెల్లగడ్డం ఊడిపోయి ఎర్రటి కళ్ళతో, మెడలో పుర్రెల దండతో ఖర్పరుడు బయటపడ్డాడు. "చెంపదెబ్బ కొట్టిన చెయ్యి కదా, ముందు దాన్నే పొడి చేస్తాను" అని పళ్ళు కొరికాడు. మకరందుడి కత్తి ఒరలో ఉంది. రెండు చేతులూ నాయనమ్మ చేతిమీద ఉన్నాయి. తీస్తే అతుకు పోతుంది, మళ్ళీ పట్టదు. అతను చేతులు తియ్యలేదు. కాళ్ళున్నాయిగా! పక్కనే కుంపటి మీద, గాజుగుర్రం కాలు మళ్ళీ అతకడానికని కురంగి కరగబెట్టిన లక్క మూకుడు ఉంది. దాన్ని ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు. ఎర్రటి లక్క బుసబుసమంటూ వెళ్ళి మాంత్రికుడి పాదాల చుట్టూ చుట్టుకుంది. కురంగి చేతికందిన కుండెడు నీళ్ళు దానిమీద గుమ్మరించింది. లక్క గడ్డకట్టింది.

ఖర్పరుడు లాగాడు, పీకాడు, గింజుకున్నాడు. కాళ్ళు రాలేదు. "నన్ను జిగురుతో కడతారా!" అని గర్జించి అరచేతిలో మంట పుట్టించి కాళ్ళకు చూపించాడు. లక్క కరగసాగింది. మంట బొగ్గుబస్తాలకు కూడా అంటుకుంది.

"చూశారుగా, మీ నాయనమ్మకు లక్క వేసుంటే ఏమయ్యేదో!" అంది కురంగి అతని భుజం పట్టి లేపుతూ.

"ఇప్పుడు పాఠం చెప్పే వేళా ఇది?" అంటూ మకరందుడు బొమ్మను అలాగే పట్టుకుని పరుగెత్తాడు.

బయట దుమారం సకిలిస్తోంది. కురంగి ముందు కూర్చుని కళ్ళేలు అందుకుంది. మకరందుడు వెనక కూర్చుని మోకాళ్ళతోనే గుర్రాన్ని కరుచుకున్నాడు. గాజువీధులు, పచ్చకోట, వానలో తడిసిన చెరకుతోటలు అన్నీ వెనక్కి పారిపోయాయి. వెనక బొగ్గుల కొట్టు కప్పు పేలి, అందులోంచి ఖర్పరుడు నల్లటి పొగ మీద లేచాడు.

"నీ గాజులన్నీ అక్కడే ఉండిపోయాయి" అన్నాడు మకరందుడు.

"కొలిమి కన్నా వేడిగా ఉంది ఆ మంట. పోనివ్వండి. నాన్నకు నేను వెనక్కి వెళ్ళి చెప్పుకుంటాను" అంది కురంగి. వెనక్కి తిరిగి చూడకుండా కళ్ళేలు బిగించింది.

"అమ్మాయి గుర్రం బాగా... తోలుతోందిరా" అంది పేరిందేవి. ఆ తర్వాత మాట సరిగా వినిపించలేదు. మకరందుడు చెవి దగ్గరపెట్టి విన్నాడు.

"తిన్నావా, నాన్నా?"

"తిన్నాను నాయనమ్మా" అని అబద్ధమాడాడు.

ఆమె ఇంకేదో అనబోయింది. గాజు మోగినట్టు చిన్న సవ్వడి మాత్రం వచ్చింది. పొద్దున లేస్తే పొద్దుపోయేదాకా తిట్టే నోరు ఆగిపోయింది. దారంతా ఆ తిట్ల కోసం మకరందుడి ప్రాణం కొట్టుకులాడింది.

పొగలమడుగు కొండ కడుపులో ఉంది. చుట్టూ పసుపురంగు రాళ్ళు, వాటి మీద ఆవిరికి వంగిన పొదలు, మధ్యలో అడుగు నుంచి కుతకుతా ఉడుకుతున్న నీలపు నీళ్ళు. అంచుకు చేరగానే కురంగి తన పైట చెంగు చించి ఉయ్యాలలా కట్టింది.

"ఇక వదలండి. ఇందులో పెట్టి దించాలి."

మకరందుడు కదల్లేదు.

"బిగిసిందో లేదో?"

"వదిలితేనే తెలుస్తుంది."

"నాకు భయంగా ఉంది కురంగీ. పెద్ద పెద్ద యుద్ధాల్లో కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు."

కురంగి అతని వేళ్ళ మీద తన వేళ్ళు వేసి ఒక్కొక్కటే మెల్లగా విప్పింది. చివరి వేలు కూడా లేచింది. చెయ్యి నిలిచింది. ఇద్దరూ బొమ్మను ఉయ్యాలలో పెట్టి ఆవిరిలోకి దించారు.

నీళ్ళు ఉవ్వెత్తున లేచాయి. ఆవిరి కమ్మేసింది. లోపల నుంచి "ఠింగ్" మని చప్పుడైంది. లోయ గట్టున విన్న చప్పుడే. "నాయనమ్మా!" అని మకరందుడు నీళ్ళ మీదికి వంగాడు.

ఆవిరిలోంచి ఒక కుడిచెయ్యి పైకి వచ్చి అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"అబ్బా!"

"తిన్నానని అబద్ధమాడతావా? గాజునైనా నాకు చెవులున్నాయిరా! నీ కడుపు గుడగుడలాడటం దారంతా విన్నాను. అలా చూస్తావేం, పైకి లాగు!"

మకరందుడు నవ్వుతూ ఏడుస్తూ లాగాడు. నిండు మనిషిగా, తడిసిన తెల్లజుట్టుతో రాజమాత పేరిందేవి గట్టెక్కింది. మోచేతికి పైన తెల్లటి సున్నపు గీత ఒకటి చేతి చుట్టూ దండకడియంలా తిరిగి ఉంది. ఆమె దాన్ని ఒకసారి నిమిరి చూసుకుని, కురంగి బుగ్గ మీది మసిని అదే చేత్తో తుడిచింది.

నెత్తి మీద ఆకాశం చీకటైంది. కొండ అంచున ఖర్పరుడు నిలబడ్డాడు. వాడి పాదాలకు ఇంకా ఎర్రటి లక్క చారలు అంటుకునే ఉన్నాయి. సూదంటురాయి వదిలించుకున్న ఇనప రాబందులు వాడి వెనక వరసగా వాలాయి. మడుగు నుంచి బయటపడే దారి ఒక్కటే, దాన్ని అవి మూసేశాయి.

మకరందుడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఇంతసేపు చేతిని బిగించి పట్టిన వేళ్ళు మొద్దుబారి పిడిని పట్టలేకపోయాయి.

పేరిందేవి అది చూసింది. చీర కుచ్చెళ్ళు బిగించి దోపుకుని, మనవడి ముందుకు వచ్చి నిలబడింది. తెల్ల గీత ఉన్న చెయ్యి చాచింది.

"ఆ కత్తి ఇలా ఇవ్వరా నాన్నా. నీ అతుకు ఎంత గట్టిదో చూద్దాం."